రెండో గేరు

కొండ దిగుతున్న వ్యానులో ముందు సీట్లలో ఇద్దరు. ఒకరు ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపి రిటైరైన డ్రైవరు, ఇంకొకరు ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రి వార్డుల్లో తిరిగి రిటైరైన నర్సు. వెనక తొమ్మిది మంది. పదకొండు మందీ ఒకే బడి, ఒకే తరగతి. వెనకవాళ్లు గొంతెత్తి పాడుతున్నారు. ఆ హోరులో తమ మాటలు వాళ్లకు వినపడవని నర్సు ధైర్యం.

"నేనడిగేది ఎడమ చెయ్యి సంగతి."

"చేతికేమైంది? ఉందిగా."

"ఉంది. ఒళ్లో ఉంది. ఇందాకటి నుంచీ అక్కడే ఉంది."

"తిమ్మిరెక్కింది నర్సమ్మా. పొద్దున్నుంచీ స్టీరింగు పట్టుకునే ఉన్నానా, తిమ్మిరెక్కింది. అంతే."

"గేరు మార్చి ఎంతసేపైంది?"

"మార్చాల్సిన పని పడలేదు."

"మూడో గేరులో దిగుతారా ఎవరైనా? పొద్దున ఎక్కేటప్పుడు నువ్వే కదా అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పావు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, బ్రేకుని నమ్ముకున్నవాడు బాగుపడడు అని. రెండులో ఎక్కావు నువ్వు."

"నువ్వెప్పుడు చేరావు చెకింగు ఇన్‌స్పెక్టరుగా?"

"నవ్వు ఒకసారి."

"ఏంటి?"

"నవ్వు. ఊరికే."

"ఇదిగో. చాలా?"

"సగమే నవ్వావు పిడుగూ. నా వైపు మూతి కదల్లేదు."

"చిన్నప్పట్నుంచీ నా నవ్వు అంతే. లెక్కల మాస్టారు ఏమనేవాడు? వీడు ఇకిలించేది కూడా వంకరే అనేవాడు కాదూ?"

"అనలేదు. నీ గీతలు వంకర అనేవాడు. బండి పక్కకి ఆపు."

"ఎక్కడ ఆపమంటావు? ఆ పక్క కొండ, నీ పక్క లోయ. వెనక లారీ తోక పట్టుకుని వస్తోంది. రాళ్ల లోడు. నేనిక్కడ ఆగితే వాడు ఆగలేడు. మలుపు మీద ఆపేవాడు డ్రైవరు కాదు."

"మరి ఎక్కడ?"

"ఇంకో మూడు మలుపులు. రోడ్డు వెడల్పవుతుంది. ఎడమ పక్క పిట్టగోడ కట్టి ఉంటుంది, లారీలు ఇంజను చల్లబెట్టుకునే చోటు. అక్కడ ఆపి పది నిమిషాలు చెయ్యి విదిలించుకుంటే అదే సర్దుకుంటుంది."

"సర్దుకోదు."

"నీకెలా తెలుసు?"

"తెలుసు. వార్డులో చూసింది అదేగా."

"అదే అంటే?"

"తర్వాత చెబుతా. నువ్వు మాట్లాడుతూ ఉండు. మాట ఆపకు. నీ మాట ఎలా వస్తోందో నేను వినాలి."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. రిటైరైన మర్నాడు ఏం చేశావు?"

"అదిప్పుడా?"

"ఇప్పుడే."

"నాలుగింటికి లేచాను. యూనిఫాం తొడుక్కున్నాను, బూట్లేసుకున్నాను, క్యారేజీ కోసం చెయ్యి చాపాను. మా ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడి, ఎవర్ని దింపడానికి వెళ్తున్నారు అంది. అప్పుడు గుర్తొచ్చింది."

"తర్వాత?"

"ఒక ఆర్నెల్లు బస్సెక్కి తిరిగాను. టిక్కెట్టు కొనుక్కుని, కిటికీ పక్కన కూర్చుని. నవ్వకు. ముప్పై నాలుగేళ్లు ఊళ్లన్నీ ఎదురుగా చూశాను నర్సమ్మా. పక్కన ఏముంటుందో అప్పుడే చూశాను. ఎన్ని ఇళ్లు, ఎంతమంది జనం, గోడ మీద ఆరేసిన బట్టలు. రోజూ నేను పోయిన దారే అది. అంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు."

"మరి మళ్లీ ఈ స్టీరింగు ఎందుకు పట్టావు? మన క్లాసు మానిటరు వేరే డ్రైవర్ని మాట్లాడతానన్నాడుగా."

"అన్నాడు. నేనే వద్దన్నాను. ముప్పై నాలుగేళ్లు ఎవరెవరినో మోశాను. తెలిసినవాళ్లను ఎక్కించుకోవడం ఇదే మొదలు. మీరంతా నా వెనక కూర్చుంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అంతే, పెద్ద కథేం లేదు."

"ఇప్పుడు దాటామే ఆ పసుప్పచ్చ బోర్డు, దాని మీద ఏం రాసుంది?"

"ఏ బోర్డు?"

"నా పక్కన. ఇప్పుడే."

"బోర్డేం లేదు అక్కడ."

"పిడుగూ, తల తిప్పకు. రోడ్డే చూడు. నేను ఎన్ని వేళ్లు చూపిస్తున్నాను?"

"నువ్వు చెయ్యి ఎత్తితే కదా."

"ఎత్తాను."

"ఎత్తలేదు."

"ఎత్తాను. నీ చెంప పక్కనే ఉంది."

"చెంప పక్కనా?"

"అవును. రోడ్డే చూడు."

"నిజంగా ఎత్తావా?"

"నిజంగా."

"అయితే నీ పక్క ఎంత ఉంది నాకు?"

"ఎంతంటే?"

"రోడ్డు. టైరుకీ అంచుకీ మధ్య ఎంత ఉంది?"

"మూరెడు."

"మూరెడా?"

"మూరెడు కూడా లేదు. కుడికి జరుగు. ఇంకొంచెం. ఎదురుగా కారొస్తోంది, చాలు. చాలు."

"కారు కనిపిస్తోంది. కుడి పక్క అంతా కనిపిస్తోంది. నీ పక్కే... నాకు తేడా తెలియలేదు నర్సమ్మా. అక్కడ చీకటి కూడా లేదు. ఏదో పోయినట్టు లేదు."

"అలాగే ఉంటుంది. పోయినట్టు ఉండదు."

"దీన్నేమంటారో నువ్వు చెప్పడం లేదు."

"చెప్పి ఏం లాభం? నువ్వు దిగు ముందు."

"పక్షవాతం. నోటితో అంటే నాలిక కాలుతుందా?"

"వెనకవాళ్లకు వినపడుతుంది, నెమ్మది."

"ఏవమ్మా, ముందు బెంచీ! ఏంటి గుసగుసలు?"

"ఏం లేదు మానిటరూ. లెక్కల మాస్టారి సంగతులు చెప్పుకుంటున్నాం. మీరు పాడుకోండి."

"అంతా బాగేనా?"

"బాగే."

"సరే అయితే. మేం ఇంకో పాట ఎత్తుకుంటున్నాం. మీ పని మీరు చూసుకోండి."

"పోయాడా?"

"కూర్చున్నాడు. పాపం వాళ్లు ఎంత సంతోషంగా ఉన్నారో చూడు. కాదు, చూడకు. ముందుకే చూడు."

"వాసన వస్తోందా నీకు?"

"ఏదో కాలుతున్నట్టు ఉంది."

"బ్రేకులు. నేను తొక్కుతూనే ఉన్నాను. ఇక రెండో గేరు పడకపోతే ఆ మూడో మలుపుకి బ్రేకుండదు. నువ్వు వెయ్యాలి."

"నేనా? నేను సైకిలు కూడా తొక్కి ఎరగను."

"చిన్నపిల్లల చేతిలో నరం వెతికి సూది గుచ్చినదానివి. ఇది అంతకంటే తేలిక. నీ మోకాలి పక్కన కర్ర ఉంది, గుండ్రంగా తల ఉంటుంది. పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను. వణుకుతోంది."

"అది ఇంజను వణుకు."

"కాదు, నాది."

"సరే, ఇద్దరిదీ. నేను 'ఇప్పుడు' అన్నాక, మధ్యకి లాగు, నీ వైపుకి తెచ్చుకో, తర్వాత వెనక్కి. మూడు ముక్కలు. చెప్పు."

"మధ్యకి, నా వైపుకి, వెనక్కి."

"మళ్లీ."

"మధ్యకి, నా వైపుకి, వెనక్కి. క్లచ్చు తొక్కాలిగా? అది ఎడమ కాలు కాదూ?"

"ఎడమ కాలే."

"కాలుందా?"

"ఉంది. ఇసక మూటలా ఉంది. ఒకసారికి లేస్తుంది. రెండోసారికి నేను మాట ఇవ్వలేను."

"మరి నేను తప్పు వేస్తే?"

"తప్పు వెయ్యవు."

"వేస్తే, పిడుగూ?"

"వేస్తే అడగడానికి నువ్వూ ఉండవు, చెప్పడానికి నేనూ ఉండను. ఇప్పుడు."

"మధ్యకి. నా వైపుకి. రావట్లేదు. రావట్లేదు."

"కోపంగా లాగకు. మంచం మీద రోగిని పక్కకి ఒత్తిగిలించినట్టు తీసుకురా."

"వచ్చింది. వెనక్కి. పడిందా? పడిందా చెప్పు."

"విను. బండి ఎలా మూలుగుతోందో విను. పట్టుకుంది. ఇక బరువంతా ఇంజను మోస్తుంది. కాలు తీసేశాను. అదే పడిపోయిందిలే."

"కర్ర వదిలెయ్యనా?"

"వదిలెయ్. ఎడమ ఎంత ఉంది?"

"రెండు మూరలు. బాగుంది. మలుపొస్తోంది, కుడికి. కుడికే. అంతే. ఇంకొంచెం ఎడమకి రా. చాలు. దాటాం."

"ఒకటైపోయింది. ఇంకో రెండు."

"మాట్లాడు."

"మా నాన్న గుర్తున్నాడా నీకు?"

"అరుగు మీద కూర్చుని ఉండేవాడు. పెద్ద మీసాలు."

"ఆయనకీ ఇదే. మన పదో తరగతి పరీక్షలప్పుడు. మీరంతా పైచదువులకి పోయారు, నేను క్లీనరుగా లారీ ఎక్కాను."

"తెలుసు."

"అది కాదు నేను చెప్పేది. పదకొండేళ్లు మంచంలో ఉన్నాడు. మంచం కుడి పక్క గోడకి వేశాం. నేను రాత్రి డ్యూటీ దిగి వచ్చి ఇవతల, ఆయన ఎడమ పక్క నిలబడేవాణ్ణి. నాన్నా అంటే పలికేవాడు కాదు. గోడ వైపే చూసేవాడు. చెల్లెలు పాదాల దగ్గర నుంచి పిలిస్తే పలికేవాడు, నన్ను మటుకు చూసేవాడు కాదు. చదువు మానేశానని కోపం అనుకున్నాను. పదకొండేళ్లు అలాగే అనుకున్నాను. పోయేదాకా."

"కోపం కాదు."

"నువ్వు చెయ్యి ఎత్తానంటే నేను ఎత్తలేదన్నానే. అంత గట్టిగా అన్నానే."

"కోపం కాదు పిడుగూ. నువ్వు కనపడలేదు ఆయనకి. ఆ పక్క నుంచి పిలిస్తే గొంతు వినపడినా, ఎక్కడినుంచో తెలియదు. నేను అక్కడ ఉండి ఉంటే మంచం తిప్పి వెయ్యమని చెప్పేదాన్ని."

"మంచం తిప్పితే సరిపోయేదా?"

"సరిపోయేది."

"అంతేనా?"

"ఏడవకు. ఇప్పుడు కాదు. ఆ ఉన్న కాస్త చూపూ నాకు కావాలి."

"ఏడవట్లేదు. ఎడమ ఎంత?"

"మూర. కుడికి. మలుపు పెద్దది, కుడికి తిరుగుతుంది. ఇప్పుడు. నిదానంగా. టైరు కింద కంకర చప్పుడు వినపడుతోందా, అది అంచు. కుడికి, కుడికి. అమ్మయ్య."

"దాటామా?"

"దాటాం. రెండు."

"నాకు భయంగా ఉంది నర్సమ్మా."

"నాకు ఇందాకటి నుంచీ ఉంది."

"నీ గొంతులో లేదు."

"గొంతులో ఉండకూడదని ట్రైనింగులో మొదటి రోజే నేర్పుతారు."

"పిట్టగోడ కనిపిస్తోందా? మలుపు తిరగ్గానే ఉండాలి."

"కనిపిస్తోంది. మూడోదీ తిరిగాం. గోడకి తెల్ల సున్నం కొట్టి ఉంది. ఒక పాత డ్రమ్ము పడి ఉంది."

"అదే. లారీ ఎంత దూరంలో ఉంది?"

"హారను కొడుతున్నాడు. కొంచెం వెనకబడ్డాడు."

"ఇప్పుడు ఎడమకి తిప్పాలి."

"తిప్పు."

"తిప్పలేను."

"చెయ్యి పనిచేస్తోందిగా, కుడిది."

"చెయ్యి కాదు. ఆ పక్క నాకేం లేదు. రోడ్డు లేదు, గోడ లేదు, ఖాళీ కూడా లేదు. లేనిచోటికి బండి ఎలా తిప్పమంటావు? వెనక తొమ్మిది మంది ఉన్నారు."

"నేనున్నాను ఆ పక్క."

"కనపడవు."

"వినపడతానుగా. నా గొంతు మీదికి తిప్పు. నేను మాట్లాడుతూనే ఉంటాను, నువ్వు నా మీదికే వచ్చెయ్యి. రా. ఇంకా రా. నేనిక్కడే ఉన్నాను, కదలను. ఇంకొంచెం. గోడకి గజం ఉంది. నిటారుగా పోనీ. డ్రమ్ము దాటాం. బ్రేకు. తొక్కు పిడుగూ. తొక్కు."

"క్లచ్చు లేదు నాకు."

"లేకపోతే పోనీ. తొక్కు."

"పట్టుకో."

"అమ్మో."

"ఆగిందా?"

"ఆగింది. ఇంజను కూడా ఆగిపోయింది. నా తల అద్దానికి కొట్టుకుంది. ఏం కాలేదు, ఏం కాలేదు."

"మన మధ్య ఇంకో కర్ర ఉంటుంది, పొట్టిది. పైకి లాగు. గట్టిగా. ఇంకా."

"లాగాను."

"లారీ?"

"పోయింది. మనల్ని తిట్టుకుంటూ దాటి పోయింది."

"బండిని ఇలా ఇంజను చచ్చేట్టు ఆపడం నా సర్వీసులోనే లేదు. డిపోలో చూసి ఉంటే పరువు పోయేది."

"నేను ఇంత అందంగా ఆగిన బండి చూడలేదు. తల సీటుకి ఆనించు. నీళ్లు అడగకు, ఇవ్వను. ఇప్పుడేం మింగకూడదు. ఇది మొదలై ఎంతసేపైంది, నిజం చెప్పు."

"పైన బండి తిప్పేటప్పుడు చెయ్యి జారింది. ఓ ముప్పావు గంట."

"నాలుగున్నర గంటల్లోపు ఇంజక్షను పడాలి. ఎంత త్వరగా పడితే అంత మంచిది. నా ఫోను సంచిలో ఉంది, సంచి వెనక సీటు కింద పెట్టారు. ఇంకా అంబులెన్సుకి చెప్పాలి, అది కింద ఊళ్లోంచి రావాలి."

"వాళ్లకు నెమ్మదిగా చెప్పు. మానిటరుకి గుండె ఆపరేషనైంది. వాళ్లు హాయిగా తిరుగుదామని వచ్చినవాళ్లు. భయపడతారు."

"నెమ్మదిగానే చెబుతాను. మానిటరూ, నువ్వొక్కడివే దిగి ఇటు రా. కంగారుపడకు. కంగారుపడాల్సిందేం లేదు."

"నాకేం కంగారు లేదు నర్సమ్మా. వాడి తల కింద ఈ శాలువా పెట్టు. అంబులెన్సు కింద నుంచి బయల్దేరి పావుగంటైంది, ఇదే రోడ్డున ఎదురొస్తోంది. ఆసుపత్రిలో కూడా చెప్పి పెట్టారట."

"ఎవరు చెప్పారు నీకు? మా మాటలు వినపడ్డాయా?"

"మాటలేం వినపడలేదు. వాడి చెయ్యి ఒళ్లోకి జారడం పైనే చూశాం. ఆపమందామంటే చోటు లేదు, ఫోనుకి సిగ్నలు అందేసరికే అరగంట పోయింది. నేను సీటు కింద దూరి ఫోను చేస్తుంటే, నా గొంతు వాడికి వినపడకుండా వీళ్లు పాట అందుకున్నారు. ఎవరికీ రెండో చరణం రాదు. ఒకళ్ల చేతులొకళ్లు పట్టుకుని మొదటిదే పాడుతూ కూర్చున్నాం. ఆపితే వాడు అద్దంలో మా మొహాలు చూస్తాడని."