చెయ్యెత్తాం, ఒప్పుకోలేదు

నేను కూర్చోను మరిదీ, ఆ కుర్చీ నువ్వే ఉంచుకో. యూనియన్ కార్యదర్శివి, నీకే అవసరం.

అందరూ ఒప్పుకున్నారని రాసేశారా? ఎవరు ఒప్పుకున్నారయ్యా?

పొద్దున పెన్షన్ గురించి చెబుతామని మమ్మల్నందరినీ క్యాంటీన్లో కూర్చోబెట్టారా... ఆ కొత్త ఆఫీసరు తెర మీద బొమ్మలేసి గుక్కతిప్పుకోకుండా చదువుకుపోయాడు. రిటైరైన రోజే మొత్తం ఒకేసారి చేతిలో పెడతారట. ఇక నెలనెలా ఏమీ రాదట. మనిషి పోతే మొగుడికో పెళ్ళానికో వచ్చే సగం పెన్షను కూడా ఉండదట! ఆ మాట చెవిన పడగానే చెయ్యెత్తాను. నన్ను చూసి షెడ్డు షెడ్డంతా ఎత్తింది.

మన ప్రెస్ షెడ్డులో చెయ్యెత్తితే ఏం చెయ్యాలి? నువ్వే చెప్పు. రేకులు నొక్కే ఆ మోతలో గొంతు చించుకున్నా ఎవడికి వినబడుతుంది? చెయ్యి లేస్తే మిషను ఆపాలి. ఎందుకని అడక్కుండా ఆపాలి.

అతనికి తెలీదు, సరే. నిన్నగాక మొన్న వచ్చాడు. "సంతోషం, అందరూ అంగీకరించారు" అని చప్పట్లు కొట్టాడు. పక్కనే ఉన్న నీకేమైంది? నువ్వూ కొట్టావే!

ఏంటీ, కంగారులో తోచలేదా? బాగుంది వరస. మీ అన్న చెయ్యి ప్రెస్సు కింద నలిగిన రోజు చెయ్యెత్తింది నేను, పరిగెత్తుకొచ్చి మిషను ఆపింది నువ్వు. ఆ రోజు తోచిందిగా!

అప్పట్నుంచీ ఆయన ఇంట్లోనే. చొక్కా బొత్తాలు కూడా నేనే పెట్టాలి. నేను ముందు పోతే ఆ సగం పెన్షనే ఆయనకి దిక్కు.

నువ్వు చూసుకుంటావా? నువ్వు మంచివాడివే, కాదనను. కానీ మీ అన్న ఇంకొకరింట్లో కంచం ముందు తలొంచుకుని కూర్చోవడం, నేను చచ్చాక కూడా చూడలేను.

సాయంత్రం లోపల ఆ రాసింది మార్చొచ్చన్నావుగా, ఆ ఆఫీసరుకి ఫోన్ చెయ్యి. తప్పు జరిగిందని చెప్పు. నీ పరువు పోతుందా? పోనీ! కుదరదంటే రేపు ఒక్క మిషనూ తిరగదని చెప్పు. అందరితో మాట్లాడే వచ్చాను.

నవ్వకు. ఊరికే అనడం లేదు. మధ్యాహ్నం ఇంటికెళ్తే మీ అన్న గుమ్మంలోనే పట్టుకుని అడిగాడు, ఏం తేలిందని. అంతా మనకే అనుకూలం, మీ తమ్ముడు దగ్గరుండి చూసుకున్నాడు అనేశాను. ఆ సంతోషంలో మారు అడిగి పెట్టించుకుని తిన్నాడు, పిచ్చి మనిషి.

ఆయనకి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఇదీ అబద్ధం కానివ్వను.