ఫ్రిజ్‌లో చోటు లేని రోజు

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వంటిల్లు, మధ్యాహ్నం వడ్డన ముగిసిన వేళ. భార్య పోయిన నెలకు అమరేశ్వరరావు మాస్టారు కిచెన్ ఇన్‌ఛార్జి రత్నమాలను వెతుక్కుంటూ వచ్చారు.

“…ముందు కూర్చోండి మాస్టారూ. నిలబడే మాట్లాడతారా?”

“నిలబడే అడుగుతాను. కూర్చుంటే మర్యాదలు మొదలవుతాయి. ఆ రోజు దద్దోజనం ఎవరు తెచ్చారు?”

“ఇక్కడ చేసిందేనని చెప్పాను కదండీ. సంతకం కూడా పెట్టాను.”

“పెట్టారు. ఈ నెలాఖరుకి ఉద్యోగం పోగొట్టుకుంటున్నారు. అయినా నేను నమ్మలేదు.”

“మార్తమ్మా, మాస్టారికి కాస్త టీ పెట్టు.”

“వద్దమ్మా. ఈ వంటింట్లో మంచినీళ్ళు కూడా ముట్టను. ఏమీ అనుకోకు.”

“ఏమనుకుంటామండీ. వండేదాన్ని నేనే ఇంటినుంచి కేరేజీ తెచ్చుకుంటున్నాను.”

“నీ వేళాకోళాలు తరువాత. గిన్నెలు తోముకోపో మార్తమ్మా.”

“ఎప్పుడో తోమేశానండీ. బీరువాలో దాచిన ఆ ఒక్కదాన్నే ముట్టుకోలేదు. మీరే వద్దన్నారు కదా.”

“వెళ్ళమన్నానా?”

“వెళ్తున్నానండీ, వెళ్తున్నాను. తలుపు దగ్గరకి వేస్తాను.”

“రత్నమాల గారూ, నేను గొడవకి రాలేదు. ఇటునుంచి ఇటే బస్సెక్కి వెళ్తున్నాను. కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తాను. పోలీసులకీ ఇస్తాను. ఒక పేరుకి చోటు వదిలాను.”

“నా పేరు రాసేయండి.”

“మీ పేరు ముందే రాశాను. మీ డైరెక్టరు గారిదీ రాశాను. తెచ్చినవాళ్ళ పేరు కావాలి.”

“పేరుతో ఏం చేస్తారండీ?”

“జైలుకి పంపిస్తాను. కీమో చేయించుకుంటున్న మనిషికి పెరుగన్నం పెట్టారే, ఏ పుణ్యం కోసం పెట్టారో అడుగుతాను. ఏ షావుకారు గారి పుట్టినరోజు అది? అరటిపళ్ళు పంచినట్టు పంచి, మంచాల పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారా?”

“ఫొటోలు తీసుకోలేదండీ వాళ్ళు.”

“వాళ్ళు. అంటే బయటివాళ్ళే.”

“నేనలా అనలేదు.”

“ఇప్పుడే అన్నారు. పక్క మంచం ఆవిడ కూడా అదే చెప్పింది. మూతకి గుడ్డ కట్టి బయటినుంచి తెచ్చారంది. ఎందుకు దాస్తున్నారు? మీకేమైనా ముట్టిందా?”

“అంత మాట అనకండి మాస్టారూ.”

“అనక ఏం చేయమంటారు? మరి ఎందుకు సంతకం పెట్టారు?”

“బయటిదని రాస్తే తెచ్చినవాళ్ళని పిలుస్తారు. కిచెన్‌దని రాస్తే నాతోనే పోతుంది. డైరెక్టరు గారికీ అదే నయం. రొయ్యల మాట బయటికి రాదు.”

“రొయ్యలేమిటి?”

“ఏం లేదండీ.”

“రొయ్యలేమిటి రత్నమాల గారూ?”

“డైరెక్టరు గారింట్లో ఫంక్షను. కైకలూరు నుంచి ముందు రోజే వచ్చాయి. ఇంట్లో ఫ్రిజ్ చాల్లేదని మన కిచెన్ ఫ్రిజ్‌లో పెట్టించారు.”

“రోగుల ఫ్రిజ్‌లో?”

“ఉన్నది అదొక్కటేనండీ.”

“అందుకని దద్దోజనానికి చోటు లేదు.”

“చోటుందండీ. పైన ఒక అర ఖాళీయే.”

“ఉందా! ఉంటే ఎందుకు పెట్టలేదు?”

“నీచు ఉన్నచోట ప్రసాదం ఎలా పెడతామండీ? గుళ్ళో నైవేద్యం పెట్టించి తెచ్చింది. పచ్చి రొయ్యల దగ్గర వండిన పదార్థం పెట్టకూడదని మాకు ట్రైనింగ్‌లోనూ చెప్పారు. మా అత్తగారు చెప్పేదీ, వాళ్ళు చెప్పిందీ ఒక్కటే అయిందని మనసులో సంతోషించాను కూడా.”

“సంతోషించి ఎక్కడ పెట్టారు?”

“పొయ్యిల పక్క గట్టు మీద. ఈగ వాలకుండా తడిగుడ్డ కప్పాను.”

“పొయ్యిల పక్కన.”

“ఉంచితే బాగా చల్లగా ఉంచాలి, లేకపోతే సెగలు కక్కేంత వేడిగా ఉంచాలి, నడిమధ్య వెచ్చగా ఉంచకూడదని అదీ చెప్పారండీ ట్రైనింగ్‌లో. ఆ పూట నాకు నీచు ఒక్కటే గుర్తొచ్చింది. అది గుర్తు రాలేదు.”

“ఎంతసేపు ఉంది అక్కడ?”

“బడులు పెట్టకముందు తెచ్చారు. మధ్యాహ్నం భోజనాల వేళకి పంచాం.”

“రుచి చూశారా?”

“చూడకుండా వార్డుకి ఏదీ పంపమండీ. అది మా రూలు.”

“రూలు నేను అడగలేదు. చూశారా?”

“ప్రసాదమండీ… ముందే ఎంగిలి చేస్తామా?”

“బాగుంది. ఎనిమిదో తరగతి పిల్లలకి సూక్ష్మజీవుల పాఠం నేనే చెబుతాను. అన్నం వెచ్చగా నిలవుంటే ఏం పెరుగుతుందో బోర్డు మీద బొమ్మ వేస్తాను. ఆ పూట కూడా బడిలో ఏదో పాఠం చెబుతూనే ఉన్నాను. సాయంత్రం నేను వచ్చేసరికి ఐసీయూలో పెట్టారు. నన్ను చూసింది, మాట రాలేదు.”

“మిగతావాళ్ళంతా వాంతులు తగ్గి ఇళ్ళకి వెళ్ళారండీ. ఆవిడకి తట్టుకునే ఓపిక లేకపోయింది.”

“ఓపిక లేదని మీకు తెలుసు. తెలిసీ పెట్టారు.”

“గిన్నె చూసి ఆవిడే చెయ్యి చాపి తీసుకున్నారు.”

“అది అబద్ధం. సుబ్బలక్ష్మి ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతి మెతుకు ముట్టదు. మా చెల్లెలు పంపిన ఆవకాయే వాసన చూసి గాని వడ్డించదు. దద్దోజనం ఇష్టమే, కాదనను. గురుపూజోత్సవం వస్తే నా పదో తరగతి మొత్తానికి తనే చేసి పంపేది. అల్లం, కరివేపాకు, దానిమ్మ గింజలు. అంత చెయ్యి తిరిగిన మనిషి, ఎవరో తెచ్చింది తింటుందా?”

“ఎవరో కాకపోతే?”

“మాకు ఎవరున్నారండీ? పిల్లలు లేరు. చుట్టాలు పెళ్ళిళ్ళకే గాని ఆసుపత్రులకి రారు. ఇంటికెళ్తే గోడలు, బడికెళ్తే మౌనం. పిల్లలు నా మొహంలోకి చూడడం లేదు. చరణ్‌తేజ అని క్లాసు లీడరు ఉన్నాడు, వాడి నోరు మూయించడానికి బెత్తం చాలేది కాదు. నెల నుంచీ బడికే రావడం లేదు. నా దుఃఖం వాళ్ళకీ అంటుకున్నట్టుంది.”

“రావడం లేదా?”

“ఏం?”

“పదో తరగతి కదండీ, చదువు పాడవుతుందని. ఇంటికి మనిషిని పంపారా?”

“నా బతుకే నాకు బరువుగా ఉంది, ఎవరింటికి పంపను?”

“పంపండి మాస్టారూ. కోప్పడకుండా పిలిపించండి.”

“మాట తప్పించకండి. పేరు.”

“పంచిపెట్టడం ఆలస్యం చేసింది కూడా నేనే, అదీ రాసుకోండి. ఆవిణ్ణి పొద్దున్నే స్కానింగ్‌కి తీసుకెళ్ళారు. ఎవరి పేరున పూజ చేయించామో ఆవిడే ముందు తినాలి, తరువాతే మిగతావాళ్ళకి అన్నారు తెచ్చినవాళ్ళు. సరే పాపం అని ఆపాను.”

“ఎవరి పేరున?”

“ఆవిడ పేరునేనండీ. గోత్రం తెలియక, పేరొక్కటే చెప్పారంట పూజారికి.”

“మా సుబ్బలక్ష్మి పేరున పూజా? ఎవరు చేయిస్తారు?”

“నేను వద్దనే అన్నానండీ. ఇలాంటివాళ్ళకి పెరుగు పనికిరాదు, బయటి తిండి అసలే కూడదని చెప్పాను. ‘పెరుగులో మంచి బాక్టీరియా ఉంటుందండీ, ఒంటికి బలమండీ, మా సారే చెప్పారు’ అని…”

“ఏ సారు?”

“ఎవరో అన్నారు లెండి.”

“రత్నమాల గారూ. ఏ సారు?”

“బస్సు వచ్చే వేళయింది, వెళ్ళండి మాస్టారూ. నా పేరు ఉందిగా, అది చాలు. దణ్ణం పెడతాను.”

“మీ దణ్ణాలు నాకెందుకు? ఆవిడ నోటికి అందించిన చెయ్యి ఎవరిదో తెలియకుండా నేను అన్నం తినలేకపోతున్నాను. నెల నుంచీ ముద్ద కలపడం, లేచిపోవడం. పేరు చెప్పండి, వెళ్ళిపోతాను.”

“చెబితే తినగలరా?”

“చెప్పండి.”

“ఉండండి… ఈ బీరువా తాళం ఒకటి, పట్టదు ఓ పట్టాన. ఇదిగోండి. తోమించలేదు, నేనే కడిగి దాచాను. పేరు దాని అంచు మీదే చెక్కి ఉంది, చదువుకోండి.”

“ఎ. సుబ్బలక్ష్మి. ఇది మా గిన్నె.”

“మీదేనండీ.”

“ఇది మా ఇంట్లో లేదే. సెప్టెంబరులో బడికి పంపింది కదా, మళ్ళీ రాలేదు. ఏమైందో అడగనా అంటే, ‘మీరు అడగకండి, పిల్లలు సిగ్గుపడతారు, వాళ్ళే తెచ్చి ఇస్తారు’ అంది…”

“తెచ్చి ఇచ్చారండీ. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని చరణ్‌తేజకి వాళ్ళమ్మ చెప్పిందంట.”