చెట్టుకు చెప్పొచ్చిన భూమన్న

కూసో బిడ్డా, ఆ బల్ల మీద గాదు, దాని కాలు ఊగుతది, ఇటు కూసో. బోధన్ బస్సుకు ఇంక గంట ఉన్నది. వాడు టైముకొచ్చింది ఏనాడు? ఎవల బిడ్డవన్నవ్? మా గోదావరి కూతురివా! బొమ్మల భూమన్న మనుమరాలివా? అరె, ముందుగాల్ల చెప్పొద్దా? మొకం సూస్తే పోలుస్తలేను, కండ్లు మసకైనయ్. ఏంది, తాత గురించి చెప్పుమంటవా? ఏం చెప్పాలె... మంచోడు. గంతే. సాలదా? మీ అమ్మ ఏం చెప్పలేదా? అడిగితే లేసిపోతదా? హూఁ. పోతది మరి. చాయ తాగు. పైసలు తియ్యకు, చెయ్యి వెనుకకు పెట్టు, నీ కాడ తీసుకుంటే పాపం తగుల్తది నాకు. ఇప్పటికే శాన ఉన్నది.

ముందుగాల్ల ఈ ఊరు సంగతి ఇను. బోధన్ దిక్కు కాల్వ నీళ్లు, చెరుకు, యాడ సూసినా పచ్చగ. మా దిక్కు కాల్వ రాలే. రాళ్లు, గరుసు నేల, ఎండకాలమొస్తే బిందెడు నీళ్లకు కోసెడు నడుసుడు. ఎడారే అనుకో. అయినా గీ ఎడారిల ఒక్కొక్కరికి ఒక్కో కళ ఉండె. ఏడిండ్లు నకాషోళ్లు, పొనికి కట్టె చెక్కి బొమ్మలు చేసెటోళ్లు. మేము సాలోళ్లం, మగ్గం మీద పువ్వు తీస్తే తెంపుకుందామా అన్నట్టుండె. మగ్గాలు పోయినయ్, ఇంటింట బీడీల చాటలొచ్చినయ్, గది వేరే ముచ్చట. నాకు మా బాపు లెక్క చేతికళ రాలే. నోటికళ ఇచ్చిండు దేవుడు. ఎవడు మాట్లాడినా అచ్చం వాని లెక్కనే మాట్లాడి చూపెడుతుంటి. ఆ నవ్వుల కోసమే ఈ హోటల్‌కు జనం వస్తుండె, నా చాయ కోసం గాదు. జంగల్‌ల జింకలను సూడనీకి పట్నం నుంచి జీపులల్ల వచ్చేటోళ్లు. ఈ బల్లల మీద కూసుండి, “అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందండీ మీ ఊరు! రాళ్లు, అడవి, కళాకారులు! ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోంది!” అంటుండ్రి. ఉండు తల్లీ ఉండు, రేపు పొద్దుగాల బిందె పట్టుకొని బోరింగు కాడికి రా అనుకునేది నేను మనసుల. నవ్వుతున్నవా? అచ్చం గట్లనే అంటరు గదా.

మీ తాత గుర్రం చేస్తే, బిడ్డా, చిన్న పిల్లలు గడ్డిపోస తెచ్చి దాని మూతికి పెడుతుండ్రి. అబద్ధం గాదు, నా కండ్లతోటి సూసిన. ఆయనకు పొనికి కట్టె తప్ప వేరే కట్టె పనికిరాదు. తేలికది, ఉలి పెడితే కూరగాయ తెగినట్టు తెగుతది. ఆ చెట్లన్ని జంగల్‌ల. వాళ్ల తాత ముత్తాతల నుంచి హోలీ పోయినంక బండి కట్టుకొని పోయి, ఏడాదికి సరిపోయే కట్టె తెచ్చుకునేది. ఎనభై ఆరో ఏడో యాదికి లేదు, జింకల కోసమని జంగల్ సుట్టూ హద్దురాళ్లు పాతిర్రు. పుల్ల ముడితే కేసు. మంచిదే, జింకలు బతకాలె, నేను కాదంటనా? కని టేకు మొద్దులు లారీలకు లారీలు పోతుంటే ఎవడు పట్టిండు? జంగలోళ్ల డిపోల కట్టె కొనుక్కుందామంటే సంఘం కార్డు గావాలన్నరు. సంఘానికి పది మంది గావాలె. ఏడిండ్లల్ల రెండు నిర్మల్ పోయినయ్, ఒకడు దుబాయి పోయిండు, మిగిలినోళ్లు బీడీలకు కూసున్నరు. మీ తాత ఒక్కడే ఉలులకు నూనె రాసుకుంట మూడేండ్లు ఉత్తగ కూసున్నడు. మీ అవ్వ రాధాబాయి చుట్టిన బీడీల మీద ఇల్లు నడిసింది. ఆమె ఏనాడూ ఒక్క మాట అనలే, గది చెప్పాలె.

మీ అమ్మకు గప్పుడు ఇరువై ఏండ్లుంటయ్. మీ తాతకు కొడుకుల్లేరు. నకాషోళ్లల్ల ఆడోళ్లు రంగులేస్తరు గని ఉలి పట్టరు. ఈయన పట్టిచ్చిండు. కులపోళ్లు నవ్విర్రు. “నవ్వనియ్యి చిన్నయ్యా, దీని చెయ్యి నా చెయ్యి కన్న మంచిది” అన్నడు నాతోటి. నిజమే. కట్టె లేక సబ్బుబిళ్లల మీద నేర్పిండు, గెణుసుగడ్డల మీద నేర్పిండు. మీ అమ్మ గెణుసుగడ్డతోటి నెమలి చేస్తే మీ అవ్వ దాన్ని ఉడకపెట్టనీకి మనసొప్పక రెండు దినాలు గూట్లె పెట్టింది, ఎలుక కొట్టింది. ఒక్క గుర్రం మెడ మాత్రం నేర్పలే. మెడ వంపు పొనికి మీదనే రావాలెనట, కట్టెల ఈనె చేతికి తాకితేనే తెలుస్తదట. “ఒక్క చెట్టు సాలు చిన్నయ్యా. పిల్లకు మెడ నేర్పిన్నంటే ఇగ నాకేం అక్కెరలేదు” అని దినాం అంటుండె. అర్జీలు పెట్టిండు. జంగల్ పెద్ద సారు, “ఒక్కడికిస్తే ఊరంతా వస్తారయ్యా” అన్నడు. ఊరంత యాడున్నది, ఒక్కడే గదా మిగిలింది!

ఆఖరుకు తెగించిండు. దొంగతనం చెయ్యాలంటే ఏమున్నది, సప్పుడు చెయ్యకుంట పోయి కొట్టుకొచ్చుకుంటరు ఎవలన్న. మీ తాత గట్ల చెయ్యడు. వాళ్లకు ఒక కట్టుబాటు ఉన్నది. చెట్టు కొట్టాలంటే ఒక దినం ముందు పట్టపగలు పోయి దానికి చెప్పి రావాలె. మొదలుకు పసుపునీళ్లు పోసి, ఉలులన్ని దాని ముందు పరిచి, గట్టిగ చెప్పాలె. నేను ఫలానోని కొడుకును, ఫలానోని మనుమన్ని, రేపు పొద్దుగాల వస్తున్న, నిన్ను గుర్రం చేస్త, ఏనుగు చేస్త, పిల్లల చేతులల్ల ఉంటవు, కోపం చెయ్యకు అని. గుసగుస చెప్తే చెల్లదు. చెప్పినంక మాట తప్పొద్దు, తప్పితే మళ్ల ఆ ఇంటికి కట్టె అచ్చిరాదంటరు. మీ తాత పోయి వాగు పక్కన పొనికికి చెప్పొచ్చిండు. వచ్చుడు వచ్చుడు ఈడికే వచ్చిండు, చేతులు పసుపు పచ్చగ ఉన్నయ్, మొకం పెండ్లిపిలగాని లెక్క ఉన్నది. నా చెవిల వేసిండు. “ఎవలకు చెప్పకు” అనలే. అనేటి అవసరం ఏమున్నది, నేను ఎవల్ని? చిన్నప్పటి సంది దోస్తును.

ఇగ ఇను. ఇనేదాక లేవకు. ఆయన గట్ల పోయిండు, గిట్ల పోశన్న వచ్చిండు, జంగల్ గార్డు. ఆడు దినాం వస్తడు. ఆ దినం మొకం మాడ్చుకొని ఉన్నడు. అంతకుముందే ఒక టేకు లారీ దాటిపోయిందట, సారు అందరి ముందు తిట్టిండట. బెంచీల నిండ జనం. వాణ్ణి నవ్విద్దామని నాకు నోరు దురద పెట్టింది. లేసి నిలవడ్డ. భుజం మీద తువ్వాల సర్దుకున్న, మీ తాత లెక్క జర ముందుకు వంగిన, చేతులు జోడిచ్చిన, “ఓ పొనికవ్వా, నేను నకాషి భూమన్నను తల్లీ, రేపు పొద్దుగాల వస్తున్న, నిన్ను గుర్రం చేస్త, కోపం చెయ్యకు తల్లీ...” అచ్చం మీ తాత గొంతే. ఆ దగ్గు తోటి సహా. హోటలంత పడి పడి నవ్విర్రు. పోశన్న గూడ నవ్విండు. నవ్వి, “యాడనే గా చెట్టు?” అన్నడు. నేను ఆ నవ్వులల్ల, ఆ గొంతు తోటే, “వాగు పక్కన ఉన్నది దొరా” అన్న. వాడు చాయ సగంల పెట్టి లేసిండు.

గప్పుడు తెలిసింది నాకు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు... నా నోరు గింత పని చేసింది. పొద్దుగూకంగ మీ ఇంటికి పోయిన. మీ తాత ఉలులు సానపెడుతున్నడు, మీ అమ్మ రాయి మీద నీళ్లు పోస్తున్నది. మూడేండ్ల సంది ఆ ఇంట్ల గంత సంబురం సూడలే. మీ అవ్వ పాయసం వండింది, నాకూ గిన్నెల పోసింది. తిన్న బిడ్డా, తిన్న! రేపు పోకు, దినం మంచిగ లేదు అని చెప్పిన. “చెప్పొచ్చిన చెట్టుకు పోకుంటే ఎట్ల చిన్నయ్యా?” అన్నడు. నేను పోశన్నకు చెప్పిన అని ఒక్క మాట అంటే అయిపోవు. తిట్టు, కొట్టు, ఇంట్లకెళ్లి ఎల్లగొట్టు. కని రేపు పోకుంట ఆగు అంటే సాలు. ఆ మాట నాలిక మీదికొచ్చింది. పాయసం తోటి మింగిన. పోశన్న మనోడే గదా, ఊకుంటడు లే అని నాకు నేనే చెప్పుకున్న.

తెల్లారి మీ తాత, మీ అమ్మ ఇద్దరు పోయిర్రు. గొడ్డలి లేపిండట, ఇంక ఏటు పడనే లేదట, చుట్టూత సీటీలు కొట్టుకుంట లేసిర్రట నలుగురు గార్డులు. పోశన్నను గూడ ఏమనాలె, లారీ పోయినంక వానికి ఎవడో ఒకడు దొరకాలె, దొరికిండు. గొడ్డలి తీసుకున్నరు, ఉలుల సంచి తీసుకున్నరు. నాలుగు తరాల ఉలులు బిడ్డా, ముప్పై రెండు. గవి కేసుల సామానట. ఆరేండ్లు నిజామాబాద్ కోర్టు సుట్టు తిరిగిండు. వాయిదా దినం ఈ హోటల్ ముందే బస్సెక్కుతుండె. “చిన్నయ్యా, పోయొస్త” అంటుండె. నేను చాయ పోస్తుంటి. ఆరేండ్లు పోసిన. ఆఖరుకు కేసు కొట్టేసిర్రు. సంచి ఇచ్చిర్రు. పిడులన్ని చెదలు తిన్నయ్, ఇనుము తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కున్నయ్. దాన్ని ఇంటికి తెచ్చి ఇప్పలే మీ తాత. గట్లనే మూలకు పెట్టి మీ అవ్వ పక్కన బీడీలకు కూసున్నడు. గుర్రం చెవులు చెక్కిన చెయ్యి... ఆయన చుట్టిన బీడీలు బాగలెవ్వని కార్ఖానోడు పక్కకు పారేసేది. అవతల మూలమలుపు కాడ జంగలోళ్లు బోర్డు పెట్టిర్రు, ‘బొమ్మల ఊరికి స్వాగతం’ అని. రంగుల గుర్రం గూడ గీసిర్రు. మెడ వంకర.

ఎవలు చెప్పిర్రు అని ఆయన ఒక్కనాడు నన్ను అడగలే. అడిగితే చెప్తుంటినేమో. ఏమో. ఊకున్నంత ఉత్తమం లేదని కూసున్న. నేను అనుకున్న, ఎవడో సూసి పట్టిచ్చిండనుకుంటున్నడు, పోనీ అని. ఆయన అనుకున్నది గది గాదు. ఆయన మంచాన పడ్డంక తెలిసింది నాకు. మీ అమ్మను బోధన్‌ల ఇచ్చి అప్పటికి అయిదారేండ్లు. కబురందుకొని వచ్చింది, నువ్వు ఇంతుంటివి, బిస్కీటు కోసం ఏడుస్తుంటివి. నేను చెంచతోటి ఆయనకు నీళ్లు పోస్తున్న. మీ అమ్మ ఆ ఉలుల సంచి ముందటేసుకొని, బాపూ, వీటికి కొత్త పిడులేపిస్త, బోధన్‌ల పొనికి దొరుకుతదట, నువ్వు లేస్తే మెడ నేర్పు అన్నది. మీ తాత తల ఊపిండు, వద్దని. “చెట్టు నన్ను ఒప్పుకోలే బిడ్డా. అదే పిలిసింది వాళ్లను. నేను చెప్పంగ యాడనో తప్పు చెప్పిన, లేకుంటే నా చేతుల పాపమున్నది. ఎవలకు తెలుసు నేను పోతున్నట్టు? చెట్టుకు తెలుసు, చిన్నయ్యకు తెలుసు. చిన్నయ్య నా పానం” అన్నడు. నా మొకం దిక్కు సూసి మరీ అన్నడు బిడ్డా. “మన చెయ్యి ఇగ చెట్లకు పనికిరాదు. నువ్వు ఉలి పట్టొద్దు. నా మీద ఒట్టు పెట్టు” అన్నడు. మీ అమ్మ పెట్టనన్నది. ఏడ్సింది. మామా, నువ్వన్న చెప్పు మామా అని నా దిక్కు తిరిగింది. నా చేతుల చెంచ ఉన్నది. నోరున్నది. ఈ ఊర్లె అందరి గొంతులు ఉన్నయ్ నా నోట్లె, ఆ ఒక్క పూట నా గొంతు నాకు రాలే. “బాపు చెప్పినట్టు ఇను బిడ్డా” అన్న. గట్లన్న! మీ అమ్మ ఒట్టు పెట్టింది. నాలుగు దినాలకు ఆయన పోయిండు, తన చేతుల పాపమున్నదనుకుంట పోయిండు.

ఇప్పుడు తిట్టు. ఏంది, తిట్టవా? మీ తాత లెక్కనే ఉన్నవ్, గదే పాడు మంచితనం. సరే, తిట్టకు, ఒక పని చెయ్యి. ఇంటికి పోయినంక మీ అమ్మకు చెప్పు. చెట్టు తప్పు లేదు, తాత తప్పు లేదు, తాత మంచిగనే చెప్పిండు, ఇది చిన్నయ్య మామ నోరు చేసిన పని అని చెప్పు. ఒట్టు చెల్లదు అని చెప్పు. ఉలి పట్టుమను. నలభై ఏండ్లు గూడ లేవు, ఇప్పుడు మొదలు పెడితే మాత్రం ఏమాయె? ఆమె చెయ్యి మీ తాత కన్న మంచిదని ఆయనే అన్నడు. ఎందుకు తలకాయ ఊపుతున్నవ్? పట్టదా? ఎందుకు పట్టదు, ఒట్టు లేదంటున్న గదా! ...ఏంది? వేళ్లా? బీడీలు చుట్టి చుట్టి వేళ్లు ముడుసుకుంటలేవా? అన్నం గూడ నువ్వే కలిపి పెడుతున్నవా?

రెండు చేతులా?

...లే బిడ్డా. బస్సొచ్చింది.