పాత నంబరే వచ్చింది

వదినా అనకండి. ఈ అద్దానికి ఇవతల నేను లైసెన్సు ఆఫీసు గుమాస్తాను. మా చెల్లెల్ని వదిలేసిన నాడే మన వరసలు తెగిపోయాయి కదా మరిదిగారూ?

కూర్చోండి. ఎందుకలా చెమటలు? ఫ్యాను మీ నెత్తి మీదే తిరుగుతోంది.

ఇదేమిటి, మొదటిసారి లైసెన్సుకి దరఖాస్తా? పేరు కూడా కాస్త అటూ ఇటూ చేసి రాశారే. మరి ఇన్నేళ్ళూ స్కూలు బస్సు తోలింది మీ కవల తమ్ముడా?

తెలుసులెండి. తాగి తోలుతూ దొరికారు, అక్కడ లైసెన్సు రద్దు చేశారు. ఊరు మారి కొత్త నంబరు తీసుకుంటే పాత మరకలన్నీ పోతాయనుకున్నారు.

నంబరంటే లాటరీ చీటీ అనుకున్నారా? ముందున్న అక్షరాలు ప్రాంతానివి. పక్క అంకెలు ఇచ్చిన ఆఫీసువి. ఆ తర్వాత మీరు మొట్టమొదట లైసెన్సు పుచ్చుకున్న సంవత్సరం. చివర, ఆ ఏడు అక్కడ మీరు ఎన్నోవారో అది. మనిషికి ఒక్కటే. ఊరు మారినా అదే, కార్డు పోయినా అదే, పెళ్ళాం మారినా అదే. రద్దయినా ఇంకొకరికి ఇవ్వరు. ఇందాక మిషన్ మీద వేలు పెట్టారు చూడండి, మీ పాత నంబరే వచ్చి నా ముందు కూర్చుంది.

మా చెల్లికీ ఒక నంబరుండేది. కార్డు వచ్చిన రోజు దిండు కింద పెట్టుకుని పడుకుంది, పిచ్చిది. నెల తిరక్కుండానే మీరు కారుతో ఆ సైకిలాయన్ని గుద్దేశారు. ఆయన బతకలేదు. 'నా ఉద్యోగం పోతే ఇద్దరం రోడ్డున పడతాం, నువ్వు తోలావని చెప్పవే' అని దాని కాళ్ళు పట్టుకున్నారు. చెప్పింది. జైలుకీ వెళ్ళింది. తిరిగొచ్చాక మీరేమన్నారు? 'జైలుకెళ్ళొచ్చిన దానితో కాపురమేమిటి' అన్నారు. మా గుమ్మంలో నిలబడి, అది వింటూండగానే అన్నారు.

ఏమిటి? కాస్త గట్టిగా చెప్పండి. కాగితాలు వెనక్కిచ్చేస్తే మీ దారిన మీరు వెళ్ళిపోతారా?

నిజమే, ఇవ్వొచ్చు. చాలామందిని అలాగే తిట్టి పంపించేస్తాను. మిమ్మల్ని మాత్రం ఇందాక బయట బెంచీ మీద కూర్చోబెట్టి చెల్లికి ఫోన్ చేశాను. 'పోనీవే అక్కా, ఆయన పొట్ట కొట్టకు' అంది. ఏడ్చింది. ఇంత జరిగాక కూడా 'ఆయన' అనే అంటోంది మిమ్మల్ని.

సరేనని పెట్టేశాను. పెట్టేసి పోలీసులకి చేశాను. రద్దయిన సంగతి దాచి, పేరు మార్చుకుని వచ్చాడని చెప్పాను. ఇంతసేపూ మీతో కబుర్లాడింది వాళ్ళు వచ్చేదాకా మిమ్మల్ని ఆపడానికే.

అదిగో, మెట్లెక్కుతున్నారు. లేవకండి, అనవసరం.

చెల్లి కోసం చేశానని నలుగురికీ చెప్పుకుంటాను. కాదు. అది మిమ్మల్ని ఎప్పుడో క్షమించేసింది, నా వల్లే కాలేదు. ఇవాళ నేను చేసింది తెలిస్తే ఇక నాతో మాట్లాడదేమో.

మానెయ్యనీ.