రేపటి గ్రామసభకి స్వర్ణత్త రాదు

పెద్దలకు దండాలు. అక్కలకు, అన్నలకు, బొంగు చికెన్ పొయ్యిలు ఆర్పేసి మరీ వచ్చిన వ్యాపార ప్రముఖులకు దండాలు. నా పేరు ఫల్గుణ. డిగ్రీ అయింది, ఉద్యోగం కాలేదు. అంచేత ఊళ్లో ప్రసంగాలన్నీ నాకే పడతాయి. ఇది మాత్రం పడకూడదనుకున్నాను.

మన పనసగెడ్డ జలపాతం కమిటీ ప్రెసిడెంటు, నాకు మేనత్త, స్వర్ణత్త మొన్న ఆదివారం నిద్రలోనే పోయింది. సంతాప సభంటే కుదురుగా కూర్చోవాలి. ఎవరు కూర్చుంటున్నారు? ధనుంజయ్ బాబాయి ఇప్పటికే మూడుసార్లు లేచి బీడీకి వెళ్లొచ్చాడు. ఎందుకో నాకు తెలుసు. రేపు గ్రామసభ. మన జలపాతానికి గవర్నమెంటు డబ్బులొచ్చాయి. వాటితో లోయ మీద జిప్‌లైన్ కట్టాలా, లేక జలపాతానికి నీళ్లిచ్చే ఊట పైనున్న కొండ మీద అడవి పెంచి, జనం నడిచే దారి వెయ్యాలా, రేపే తేల్చాలి. మార్చి దాటితే డబ్బు వెనక్కి పోతుంది. తేల్చే మనిషేమో పోయింది. ఇంత ముఖ్యమైన మీటింగు ముందర చచ్చిపోవడం ఏం పద్ధతి అత్తా?

ఇటుకల పండగ గుర్తు చేసుకోండి. మగాళ్లు వేటకి కొండెక్కుతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర కట్టి, పాడి, ఆడి, వచ్చిన ప్రతి బండి దగ్గరా పండగ డబ్బులు వసూలు చేస్తారు. ఆ ఏడు కర్ర పట్టుకున్నది స్వర్ణత్త. ఎదురుగా ఆగింది ఒక పెద్దాఫీసరు గారి కారు. ఆయన నవ్వుతూ ఐదొందల నోటు తీశారు. చాలా చేతులు ముందుకొచ్చాయి. వాటన్నిటినీ అత్త పక్కకి నెట్టింది. ఏమంది? "నీ జేబులోది ఒద్దు బాబూ. నీ ఆఫీసులోది కావాల. మా గెడ్డలో నీళ్లెండిపోతన్నాయి, దిగి సూడు" అంది. ఆయన దిగలేదు. కర్ర లేవలేదు. వెనకాల టూరిస్టు బస్సులు హారన్లు మోగిస్తున్నాయి. చివరికి ఆ పెద్దమనిషి చెమటలు కక్కుతూ ఊట దాకా ఎక్కారు. కొండకి ఇవతల పక్క మనం చూస్తున్న, వాన నీళ్లు ఇంకించే కందకాలు, ఉసిరి మొక్కలు అలా వచ్చినవే. చేతికొచ్చిన ఐదొందలు పోయాయని మా అమ్మ అత్తతో నెల్లాళ్లు మాట్లాడలేదు. అది వేరే సంగతి.

కొండకి అవతల పక్క కూడా కందకాలు రావాలి కదా? తర్వాతి విడత డబ్బుతో ఏమొచ్చాయి? సిమెంటు పుట్టగొడుగులు. ఎర్ర రంగు మీద తెల్ల చుక్కలవి. వానొస్తే టూరిస్టులు నిల్చోడానికట. వాటిని కట్టిన కాంట్రాక్టరు వరహాలరావు గారు ముందు వరసలోనే ఉన్నారు. ఈ షామియానా కూడా వారిదే, వారికి మన కృతజ్ఞతలు. అత్త ధర్నా చెయ్యలేదు. ఒక పుట్టగొడుగు కింద పీట వేసుకుని టిక్కెట్లు చింపింది. టిక్కెట్టుతో పాటు ప్రతి టూరిస్టు చేతిలో ఒక రాయి పెట్టింది. "పైకెల్తన్నావు కదా, ఊట కాడ గట్టు మీద ఏసెయ్" అని. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు మోశారు, పెళ్లి ఫొటోలకొచ్చిన జంటలు మోశారు. ఎవరో ఫోన్లో ఒక్క స్టారిచ్చి, డబ్బులు తీసుకుని మరీ రాళ్లు మోయించారని రాశారు. భయపడుతూ చదివి వినిపించాను. "ఒకటిచ్చాడా, మంచోడే" అంది. ఆ రాత చూసి, మరుసటి ఆదివారం రాళ్లు మొయ్యడానికే జనం దిగారు. కాలేజీలో నాకు మార్కెటింగ్ చెప్పిన సారు కూడా వచ్చారు. ఆయనకి అత్త కొంచెం పెద్ద రాయి ఇచ్చింది.

నిజం చెప్పనా? జిప్‌లైన్ నాకూ ఇష్టమే. తీగ మీద ఎగురుతుంటే ఎవరికి బాగోదు? మా కుర్రాళ్లకి ఉద్యోగాలిస్తామంటున్నారు, హెల్మెట్లు కూడా ఇస్తారట. కానీ దేని మీద నుంచి ఎగురుతాం? పోయిన ఏడు ఫిబ్రవరికే జలపాతం ఎండిపోయింది. జనం బస్సు దిగారు, బండని చూశారు, బస్సెక్కేశారు. పొద్దున్న మసాలా పట్టించిన చికెను సాయంత్రం కుక్కలు తిన్నాయి. రత్న వదిన కొట్టు కట్టేసి విజయవాడ పనికి పోయింది, ఇంకా తిరిగి రాలేదు. మన బిందెల్లోకి వచ్చేదీ ఆ నీళ్లే కదా? ఆ డబ్బు జనం డబ్బు. దాంతో ఎండిన బండ మీద తీగ చూద్దామా, నీళ్లు చూద్దామా?

అడ్డంగా కర్ర పట్టుకునే మనిషి లేదని ఇవాళ కొందరికి ధీమాగా ఉంది. నాకైతే భయంగా ఉంది. జోకులు ఎన్నయినా వేస్తాను గానీ, ముందు వరస చూస్తుండగా గ్రామసభలో చెయ్యెత్తాలంటే నాకు వణుకు. మీకూ అంతే. ఇన్నాళ్లూ అందరి తరఫునా ఆవిడే ఎత్తేసేది. అందుకే ఇవాళ ఎవరమూ కూర్చోలేకపోతున్నాం.

కూర్చోవద్దు, అందరూ లేవండి. సోమన్నా, జనరేటరు ఆపెయ్యి. ఫోన్లు ఆపండి. గెడ్డ వైపు తిరిగి నిల్చోండి. స్వర్ణత్తకి మౌనం పడదు గానీ, రెండు నిమిషాలు ఓర్చుకుంటుంది. ఆ కాసేపూ చెవులొగ్గి వినండి. నీళ్ల చప్పుడు వినబడితే, రేపు పదింటికి గ్రామసభకి రండి. వినబడకపోతే తొమ్మిదింటికే రండి.