పాతిక బస్తాల సముద్రం

టేపు కింద పెట్టరా సంజయ్. కింద తోడబుట్టిన అప్ప ఉన్నాది, అప్ప కూతురు ఉన్నాది, వాళ్ళ నెత్తి మీద ఏటి పెడతన్నానో ఒక్క మాట అడుగుదామన్న బుద్ధి నీకు లేకపోనాది. వడ్రంగి సేత కొలతలు తీయించీసి, విశాఖలో గాజుకి సెప్పీసి, ఇప్పుడొచ్చి "అప్పా, రేపు నలుగురు మనుషులొత్తారు, టీ పెట్టు" అంటావా? పెడతాను. ముందు కూకో.

ఆ ఫోను పక్కన పెట్టు. నీ షాపు ఎక్కడికీ పారిపోదు.

నవ్వకు. పొద్దుట్నుంచి నానింకా పొయ్యి ముట్టించలేదు. ఎందుకో తెలుసా? నువ్వు పైన హాలు మధ్యలో సుద్దముక్కతో గీసినావు కదా, సేపల తొట్టి ఇక్కడొత్తాదని. మౌనిక కిందకొచ్చి ఏటన్నాదో విన్నావా? "అమ్మా, మావ పెద్ద పెట్టె గీసినాడు. నేను అందులో పడుకుని సూసినాను, సరిపోయాను" అన్నాది. ఆరేళ్ళ గుంట అలగంటే తల్లికెలగుంటాదిరా? ఆ గీత కింద సరిగ్గా ఎవరి మంచముందో నీకు తెలీదేటి?

ఏటి? పెద్దదైతే నీరు నిలకడగా ఉంటాదా? అబద్ధమని నానన్నానా? సిన్న తొట్టిలో ఎండాకాలం నీరు ఆవిరైపోయి ఉప్పు ముదిరిపోతాది, పొద్దున్నకి సేపలు తేలిపోతాయి. నిజమే. ధనరాజూ అదే సెప్పేవాడు. నీ మాటల్లో సగం ఆయన మాటలే, అందుకే నాకింత భయం.

ఏ ధనరాజేటి, మన పలాస కాశీబుగ్గలో జీడిపిక్కల వ్యాపారం సేసేవాడే. మౌనిక పుట్టేనాటికి మీ బావా నానూ ఆయన మేడ కిందే అద్దెకున్నాం. నువ్వప్పుడు టెక్కలి హాస్టల్లో సదువుకుంటన్నావు. నీకు సగం కతే తెలుసు. పూర్తిగా విను. వినేక కూడా నీకు ఆరడుగులదే కావాలంటే, మేం ఈ ఇంట్లో ఉండం.

ధనరాజు సెడ్డోడు కాదు. ఆ మాట ముందు సెప్పాల. తాగడు, పేకాడడు, జీడిపప్పు కొట్లో పనిసేసే ఆడోళ్ళ మీద గొంతు లెగదీయడు. ఆయనకున్న సరదా ఒక్కటే. విశాఖ ఎల్లి రెండడుగుల గాజుతొట్టి కొనుక్కొచ్చినాడు, అందులో నారింజరంగు మీద తెల్ల సారల సేపలు రెండు. అక్కుపల్లి నుంచి నూకయ్యని పడవోడు అలలు దాటి ఎల్లి తేటైన సముద్రం నీరు పట్టి డ్రమ్ముల్లో పంపేవాడు. ఆటో దిగిన డ్రమ్ముని ధనరాజు ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, తనే మెట్లెక్కించేవాడు, పసిపిల్లని ఎత్తుకున్నట్టు.

మొదటి ఎండలకే ఆ రెండు సేపలూ సచ్చిపోనాయి. ఆరోజు బువ్వ తిన్లేదు. అప్పుడు నాలుగడుగులది సేయించినాడు. గోడవార, బీము మీద పెట్టినాడు. దానికి తగ్గట్టు సేపలు పెట్టినాడు, నీరు నిలబడినాది, కరెంటు పోతే బ్యాటరీ మీద గాలి నడిసేది. కొన్నేళ్ళు సుకంగా గడిసిపోనాయి. అక్కడ ఆగిపోయుంటే ఈరోజు నానీ కత సెప్పను, నువ్వు వినవు.

ఎందుకాగలేదో అడుగు.

టెక్కలిలో ఏదో పెళ్ళికెల్లి, అక్కడో డాక్టరుగారింట్లో బోజనానికి ఆగినాడు. వాళ్ళ ముందు గదిలో ఆరడుగుల తొట్టి. ఎలుతురు ఏసి, నీలం గుడ్డ కట్టి, వచ్చినోళ్ళందరూ దాని ముందే కుర్చీలేసుకుని కూకున్నారట. ధనరాజు కూడా కూకున్నాడు. "మా ఇంట్లోనూ ఉన్నాదండీ" అన్నాడట. "అలాగా, ఎంతది?" అని అడిగినాడు డాక్టరు. నాలుగడుగులని సెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. కాశీబుగ్గలో బస్సు దిగీ దిగ్గానే గాజు కొట్టుకెల్లి ఎనిమిదడుగులు సెప్పీసినాడు.

సూసినావా? సేపల్ని అడగలేదు, నేలని అడగలేదు. టెక్కలిని అడిగి సైజు ఎంచుకున్నాడు. నువ్వెవర్ని అడిగినావురా? సోంపేటలో మీ సెల్‌ఫోన్ల కొట్టోడి తొట్టి అయిదడుగులని నాకు తెలీదనుకున్నావా?

సర్లే. బరువు సంగతి ఆయన మరిసిపోలేదు. నీలాగే లెక్కేసినాడు. నీరెంత, రాళ్ళెంత, గాజెంత, అంతా కూడి, మన పలాసోళ్ళు దేన్నైనా కొలిసినట్టే బస్తాల్లోకి మార్సినాడు. పిక్కల బస్తా ఎనభై కిలోలు. మొత్తం పాతిక బస్తాలు తేలింది. అప్పుడు గట్టిగా నవ్వినాడు. "మా నాయన ఈ మేడ మీద అరవై బస్తాలు పెట్టినాడు. పాతిక ఒక లెక్కా?" అన్నాడు.

అందరం అవునన్నాం. తాపీమేస్త్రి సోములు అవునన్నాడు. మీ బావ కూడా "అరవై మోసిన మేడ పాతిక మొయ్యదేటి" అన్నాడు. నానూ తలూపినాను. మనకి అంతకన్నా పెద్ద లెక్క రాదు.

బస్తాలు గోడవార పేరుత్తారని ఒక్కడికీ తట్టలేదు. బరువు గోడలు మోత్తాయి. వానలు రాకముందే దింపీత్తారు. బస్తా పొడిగా ఉంటాది. ఈ తొట్టి హాలు నడిమధ్యన, నాలుగు ఇనప కాళ్ళ మీద, ఎప్పటికీ దిగని బరువు. అదీ ఉప్పునీళ్ళ బరువు. నీరు మార్సినప్పుడల్లా ఒలుకుతాది. గచ్చు నెర్రెలోంచి లోపలికెల్లి ఇనప ఊసల్ని తింటాది. సముద్రపొడ్డున ఏ తలుపు గొళ్ళెమైనా ఎన్నాళ్ళుంటాదో మనకి తెలుసు. తెలిసీ మేడ మీద సముద్రం పెట్టుకున్నాం.

ఇప్పుడూ పైన నీ నాలుగడుగుల తొట్టి మోటారు గుయ్యిమంటంటే లెగిసి కప్పుకేసి సూత్తాను. నువ్వు ఆరడుగులంటావు, పన్నెండు బస్తాలే అంటావు. మన నాయన కూడా ఈ మేడ మీద పిక్కల బస్తాలు పెట్టినాడంటావు. అనబోతన్నావు కదూ? నోట్లోనే ఉంచుకో.

ధనరాజు మేడ మీద ఎనిమిదడుగులది పెట్టేక, మొదట మా తలుపు పట్టీసినాది. గది తలుపు ఎయ్యబోతే పైన దూలానికి రాసుకుంటాది. వానాకాలం కర్ర ఉబ్బిందనుకున్నాం. మీ బావ సిత్రిక పట్టినాడు. వారం తిరక్కుండా మళ్ళీ పట్టీసినాది. తలుపు ఎదగలేదురా. పైన కప్పు దిగతంది.

తరవాత కప్పు మీద మరక. గోధుమరంగు మరక, అరసెయ్యంత. రోజూ దాన్ని సూసీదాన్ని. పాలిస్తన్నా కళ్ళు దాని మీదే. ఒకరోజు మధ్యాహ్నం మౌనిక బుగ్గ మీద సుక్క పడినాది. ఏలితో తుడిసి, ఎందుకో నాలిక మీద పెట్టుకున్నాను.

ఉప్పు.

పిల్లనెత్తుకుని మెట్లెక్కి ఎల్లినాను. ధనరాజు ఇస్త్రీ సొక్కాలో సేపలకి మేత ఏత్తన్నాడు. కిందకొచ్చి సూసినాడు. సాలాసేపు సూసినాడు. నాను ఆయన మొకాన్నే సూత్తన్నాను. ఆయనకి తెలిసిపోనాది. తెలిసిన మనిషి మొకం దాగదురా, కంటి కింద కండ ఒకటి అదిరినాది. అప్పుడన్నాడు, "ఇదేటమ్మా, సముద్రం గాలికి ఏ ఇంటికైనా ఉప్పు పడతాది" అని.

మర్నాడు సోముల్ని పంపి మరక మీద పుట్టీ పెట్టించి సున్నం ఏయించీసినాడు. తెల్లగా, మల్లెపువ్వులాగ. అక్కడే ఆయన తప్పు. అంతవరకూ అందరం తెలీక సేసినాం. ఆ సున్నం తెలిసి ఏయించినాడు.

తీసీమని అడగలేదా అంటావా? అడిగినాను. కనీసం గోడవారకి జరపండి బాబూ అన్నాను. "ఇంకో నెలలో డాక్టరుగారు సూడ్డానికొత్తానన్నారు, ఆయనొచ్చెళ్ళేక సూద్దాం" అన్నాడు. సున్నం మీద మళ్ళీ మరకొచ్చినాది. మేం మంచాలు అరుగు మీదకి లాక్కుని, ఆదివారం ఆరాధన అయ్యేక పాస్టరుగారి సేత ప్రార్థన సేయించుకుని ఇల్లు ఖాళీ సేసీసినాం. సామాను బండెక్కిత్తంటే పైనుంచి అన్నాడు: "నా మేడ పరువు తీసీసి ఎల్తన్నావు విజయమ్మా." నాను తిరిగి సూడలేదు.

ఆ ఇంటికి మరెవరూ అద్దెకి రాలేదు. పలాసలో మాట ఆగదు కదా. అప్పుడేటి సేసినాడో తెలుసా? కన్నతల్లి కాసులమ్మ మంచం తీసుకెల్లి ఆ గదిలో ఏసినాడు. పైన తనతో ఉండే ముసిల్దాన్ని కిందకి దింపినాడు. "మా యమ్మే పడుకుంటాది ఇక్కడ. ఇంకేటి కావాల మీకు?" అని వీదిలో నిలబడి అడిగినాడు. మనిషికి పరువు పిచ్చి పడితే తల్లి కూడా సాక్షి సంతకమే.

నాను కాసులమ్మని కూరల బజార్లో పట్టుకున్నాను. "అత్తా, ఆ గదిలో పడుకోకు" అన్నాను. ఆవిడ వంకాయలేరుతూ నా మొకం కూడా సూడలేదు. "పోవే. నా కొడుకు నన్ను ఊరికే పెడతాడేటే? మోకాళ్ళు నొప్పులు, మెట్లెక్కలేకపోతన్నానని దింపినాడు" అన్నాది. తరవాత గొంతు తగ్గించి, "పైన గుయ్యిమంటంటాది, సముద్రం కింద పడుకున్నట్టుంటాదే" అన్నాది. నవ్వుతూనే అన్నాది.

డాక్టరు రానే వచ్చినాడు. పగటిపూటే. పెళ్ళాంతో, సుట్టాలతో, ఇంకెవరో స్నేహితులతో. అందరూ ఎక్కడ నిలబడతారు? తొట్టి సుట్టూరా, హాలు నడిమధ్యన. ధనరాజు దీపాలేసినాడు. "ఎంతండీ ఇది?" అని డాక్టరు అడిగినాడట. "ఎనిమిదండీ" అన్నాడట. ఆ మాట కోసమే కదా ఇంతా.

అప్పుడు కింద ఏదో పటుక్కుమన్నాది.

అక్కడున్నోళ్ళు సెప్పినమాట నాను సెప్తన్నాను, నా మాట కాదు. ఒక ఇనప కాలు గచ్చులోకి దిగిపోనాది. తొట్టి ఓ పక్కకి ఒరిగినాది. సుట్టాలు గోడల కేసి పరిగెత్తినారు. కూలడానికి ఇంకా ఊపిరి తీసుకునేంత టైముందట. కింద అమ్మ ఉన్నాదని ఆయనకొక్కడికే తెలుసు. ఆ టైములో ధనరాజు నోట్లోంచి వచ్చిన మాటేటో తెలుసా?

"అద్దం పట్టుకోండి."

రెండు సేతులూ సాపి గాజుకి అడ్డంపడి, "అద్దం పట్టుకోండి, అద్దం" అని అరిసినాడు. "అమ్మా, బయటికి రా" అనలేదు. తరవాత తొట్టీ, గచ్చూ, నీళ్ళూ కలిసి, ఆయన్ని అంచున వదిలీసి, కిందకెల్లిపోనాయి.

నీళ్ళు తాగు. మొకం అలగైపోనాదేటి. ఇంకొంచెం ఉన్నాది, వినీ.

నాను సేపలొద్దనడం లేదురా తమ్ముడూ. నీ నాలుగడుగులది నీకు సరిపోతాది, అందులో ఇరుకైపోనాదంటన్న ఆ పెద్ద సేపని ఎవరికైనా ఇచ్చీ. లేదూ, ఆరే కావాలంటావా, పైన వద్దు. కింద నా ముందు గది ఉన్నాది, నేల మీద, మట్టి మీద. నా కుర్చీలూ, బల్లా తీసీత్తాను. సర్చి సంగపోళ్ళు ప్రార్థనకొత్తే వరండాలో కూకుంటారు. నీ మోటారు మోత నాను భరిత్తాను. నా పిల్ల నెత్తి మీద మటుకు వద్దు.

కాసులమ్మ అప్పుడే పోలేదు. నడుం కింద అంతా నలిగిపోనాది, తెలివి మటుకు ఉన్నాది. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెల్లినారు. నానూ ఎల్లి సూసినాను. ధనరాజు మంచం పక్కనే, ఆ సేతులకి గాజు కోసుకుపోయిన కట్లతో, గలాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడున్నాడు. ఆవిడ నోరు తెరవలేదు. కూతురు పట్టితే తాగినాది. కొడుకు పట్టితే పెదాలు బిగించీసినాది. కప్పు పడక ముందు పైనుంచి ఏ మాట వినపడినాదో ఆవిడ ఎవరికీ సెప్పలేదు. సెప్పక్కర్లేదు కదా.

ఆఖరి రోజు అల్లుడు వైకుంఠరావుని దగ్గరకి పిలిసి సెయ్యి పట్టుకున్నాది. కొడుకు అక్కడే ఉన్నాడు, వింటన్నాడు. "అల్లుడా, నాకు నువ్వే తలకొరివి పెట్టు" అన్నాది. అంతే.

మనకా ఆచారం లేదు గాని, వాళ్ళకది ఎంతో నీకు తెలుసు. కొడుకుండగా అల్లుడు కొరివి పెట్టడమంటే ఊరంతటికీ సాటింపేసినట్టే. కులపెద్దలు సర్ది సెప్పబోయినారు, ముసిల్ది తెలివిలో లేక అన్నాదన్నారు. ధనరాజే అడ్డుపడినాడు. "మాయమ్మ తెలివిలోనే అన్నాది" అన్నాడు.

పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. ఎవరూ ఆయన్ని ఒక్క మాటనలేదు. పాడె లెగిసినాది, అల్లుడు ముందు నడిసినాడు. ధనరాజు మందస రోడ్డు మలుపులో ఉన్న శ్మశానందాకా ఎనకాలొచ్చి, గేటు దగ్గర ఆగిపోనాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. పొగ లెగిసేవరకూ అక్కడే, కట్లు కట్టిన రెండు సేతులూ కిందకి ఏలాడేసుకుని, ఒక్కగానొక్క కొడుకు, పరాయివాడిలాగ రోడ్డు మీద నిలబడి సూసినాడు.