కాపలావాడి కునుకు

వలాన్సియెన్ ఊరి బయట సేన దిగిన మైదానంలో, ఉతికిన బట్టలు ఆరేసి వస్తున్న సిపాయి భార్య ఒకతె చంటివాణ్ణి చంకనేసుకుని, అక్కడ కూర్చుని బొమ్మ గీస్తున్న చిత్రకారుడి వెనక ఆగింది. కాగితం చూడగానే గబుక్కున ముందుకు వంగింది.

“అయ్యా, ఆ నిద్రపోతున్నది మా ఆయన.”

“బాగా కుదిరాడమ్మా. ముఖం ఇట్టే పోల్చుకోవచ్చు.”

“అదే నా భయం. చేతిలో తుపాకీ వేశారు. కాపలాలో కునుకు తీస్తే కాల్చేస్తారు.”

“మరి లేపకపోయావా?”

“ఆయన ఎప్పుడో లేచి నించున్నాడు. మీ కాగితంలోనే ఇంకా లేవలేదు. చింపెయ్యండి, మీకు దణ్ణం పెడతాను.”

“ఇందులో ఇంకా గుడారాలే గీస్తున్నప్పుడు కెప్టెన్ చూశాడు. పారిస్ పంపుకోడానికి ఈ బొమ్మే కావాలన్నాడు, తీసుకోడానికి ఇప్పుడు వస్తున్నాడు. చింపితే ఎందుకంటాడు.”

“పోనీ తుపాకీ ఒక్కటీ చెరపండి. ఇదిగో, నా రొట్టెముక్కతో రుద్దండి.”

“ఎర్రసుద్ద రొట్టెతో పూర్తిగా పోదు. నువ్వెళ్లి ఆ బండి పక్కన కూర్చుని వాడికి పాలివ్వు. నిన్ను తుపాకీ మీదే గీస్తాను. నీ పావడా మడతల్లో అది కలిసిపోతుంది. అప్పుడు నీ మొగుడు కాపలా దిగి, పెళ్లాం పక్కన నడుం వాల్చినవాడే.”

“కూర్చున్నాను. అమ్మో, కెప్టెన్ వచ్చేస్తున్నాడు.”

“అటు చూడకు. పారిస్‌లో ఈ బొమ్మ చూసేవాళ్లు, ఎంత హాయిగా ఉన్నారో అనుకోవాలి.”

“వీడు పాలు తాగడం లేదయ్యా. నా గుండెదడకి బెదిరిపోయాడు.”

“తాగుతున్నట్టే గీస్తాలే.”